కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు

ఇల్లు అమ్మాలంటే ఒకప్పుడు నలుగురు పెద్దమనుషుల చెవిన వేస్తే సరిపోయేది. ఇప్పుడు మన మరిపెడలో కూడా ముందు వీడియో కావాలి. ఖమ్మంలోనో హైదరాబాదులోనో ఉన్నాయన ఫోన్లో చూసి, నచ్చితేనే బండెక్కుతాడు. మీ మామ నిన్ను పిలిచింది అందుకే. "మంచి ఫోనే గద తాతా, తీసుడే ఆలస్యం" అంటున్నావు. తీద్దువుగాని బిడ్డా, ఇది విని పో.

మిట్టమధ్యాహ్నం ఎండలో వెలుతురు లక్ష లక్సుల దాకా ఉంటుంది. మీ మామ నడిమి అర్రలో, కిటికీ తెరిచినా, రెండు మూడు వందలు ఉంటే గొప్ప. అంటే కొన్ని వందల రెట్ల తేడా. నీ కన్ను దాన్ని లెక్కచేయదు. కిటికీ వంక చూస్తే కంటిపాప 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, మూలకున్న బీరువాను చూస్తే విచ్చుకుంటుంది. ఆ తునకలన్నీ మెదడు అతికి, ఇదీ గది అని చూపిస్తుంది. కెమెరాకు అంత ఓపిక లేదు. అది గదికి సరిపెట్టుకుంటే కిటికీ తెల్లగా మాడిపోతుంది, కిటికీకి సరిపెట్టుకుంటే గది నల్లబడుతుంది. కొత్త ఫోన్లు కొంత అతుకుతాయి గానీ అన్నిటినీ మీద వేసుకోలేవు. ఇల్లు సర్దడమంటే మీ అత్త అనుకున్నట్టు గిన్నెలు దాచడం ఒక్కటే కాదు. మన కన్ను చేసే పనిలో సగం ముందే మన చేత్తో చేసిపెట్టడం.

ఇల్లు తూర్పు ముఖం కాబట్టి ముందు గోడను పొద్దున్నే తియ్యి. మధ్యాహ్నం వద్దు. మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ మనకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు సజ్జ నీడ గోడ పొడుగునా జారి, కిటికీలన్నీ నల్లటి కంతల్లా కనిపిస్తాయి. లోపలి అర్రలకు మబ్బు పట్టిన రోజు దొరికితే అంతకన్నా ఏం కావాలి?

ఇక దీపాలు. హాల్లో తెల్ల ట్యూబులైటు, పూజగదిలో పసుప్పచ్చ బల్బు, వంటింట్లో మరొకటి. బల్బు డబ్బా మీద 2700, 6500 అని ఉంటాయి చూడు, అవి కెల్విన్లు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, వేడెక్కేకొద్దీ పసుపై, తెల్లబడుతుంది కదా, ఆ లెక్కే. అంకె పెరిగేకొద్దీ నీలి ఛాయ పెరుగుతుంది. రెండు రకాలు ఒకే గదిలో వెలిగితే కెమెరా దేన్ని తెలుపనుకోవాలో తేల్చుకోలేదు. ఒక పక్క గోడ పసుపు తాగినట్టు, ఇంకో పక్క నీలిమందు పెట్టినట్టు వస్తుంది. ఏదో ఒక రకమే ఉంచు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, చవక ఎల్ఈడీ దానితోపాటు 100 సార్లు మిణుకుతుంది. అందుకే వీడియోలో చారలు పాకుతాయి. ఫోన్లో షట్టరును సెకనులో 50వ వంతుకు పెట్టు. ప్రతి ఫ్రేముకూ సరిగ్గా రెండేసి మిణుకులు పడతాయి, చారలు పోతాయి.

తీసేటప్పుడు ఫ్యాను కూడా ఆపు. ఎందుకో లెక్కేసి చూపిస్తాను. మూడు రెక్కల ఫ్యాను నిమిషానికి 300 చుట్లు, అంటే సెకనుకు 5 చుట్లు తిరుగుతోందనుకో. నువ్వు సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నావు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య రెక్క 72 డిగ్రీలు జరుగుతుంది. కానీ రెక్కకూ రెక్కకూ ఎడం 120 డిగ్రీలే, మూడూ ఒకేలా ఉంటాయి. 72 ముందుకు జరిగిందా, ముందున్న రెక్క 48 వెనక్కి వచ్చిందా అన్నది బొమ్మను చూసి చెప్పలేం. మన మెదడు దగ్గరి దారే పడుతుంది, ఫ్యాను వెనక్కి తిరుగుతుంది! అదే సెకనుకు 30 ఫ్రేములైతే 60 డిగ్రీలు, సరిగ్గా సగం. అప్పుడు ఆరు రెక్కల ఫ్యాను నిలబడి వణుకుతున్నట్టుంటుంది. గది చీకటిగా ఉంటే రెక్కలు మసకబారి ఈ వింత తెలియదు గానీ, వెలుతురులో తప్పక పట్టిస్తుంది. ఆపితే దాని రొద కూడా పోతుంది.

రొద అంటే గుర్తొచ్చింది. మీ మామ సామానంతా తీసేసి అర్రలు బోసిగా పెడతానంటున్నాడు. వద్దను. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. నాలుగు మీటర్ల గదిలో ఎదుటి గోడకు కొట్టుకుని సెకనులో 40వ వంతుకే తిరిగొస్తుంది. బోసి గోడలు దాన్ని మళ్లీ మళ్లీ తోస్తాయి, నీ మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది. మంచం మీద ఓ బొంత, కిటికీకి పర్దా ఉండనీ. నూలు ధ్వనిని తాగేస్తుంది. వరంగల్ రోడ్డు మీది లారీల హారన్లకు మాత్రం నా దగ్గర మందు లేదు, తెల్లారుజామున మాట్లాడి రికార్డు చేసుకో.

వెనక గోడ కింద తెల్లగా ఉప్పు పూసింది, మీ మామ దానిమీద రంగేయిస్తానంటున్నాడు. నేలలోని తడి ఇటుకల సందుల్లోంచి పైకి పాకుతూ ఉప్పును మోసుకొస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి స్ఫటికాలై పెరుగుతుంది. ఆ తోపుకు ఎంత ఖరీదైన రంగైనా పొక్కిపోవాల్సిందే. వీడియోలో బాగుంటుంది, నెలకు కొనేవాడొచ్చేసరికి పెచ్చులు ఊడతాయి. దాన్ని చూపించే తియ్యి. 2024 సెప్టెంబరు మొదట్లో ఆకేరు వాగు పొంగి సీతారాం తండాను ముంచిందని అందరికీ తెలుసు. ఈ పక్క ఇల్లంటే నీళ్లు ఎందాక వచ్చాయని అడగకుండా ఎవరూ బయానా ఇవ్వరు.

చివరగా, ఫోన్లో 0.5 అని ఉండే వెడల్పు లెన్సు. దాంతో పది బై పన్నెండు అర్ర ఫంక్షన్ హాల్లా కనిపిస్తుంది. దగ్గరివి ఉబ్బుతాయి, దూరానివి పారిపోతాయి, అంచున ఉన్న బీరువా సాగుతుంది. మామూలు లెన్సుతో, ఫోను ఛాతీ ఎత్తున నిటారుగా పట్టుకుని తియ్యి. వంచావా, దర్వాజలు ఒరిగిపోతాయి. ప్రతి అర్రలో టేపు పరిచి ఒక్క క్షణం చూపించు, కాగితంలో ఉన్న గజాలే నోటితో చెప్పు. "చిన్నగ కనబడ్తది" అని మామ కోప్పడితే తాత చెప్పిండని చెప్పు.