బంతి చేతిలో లేని 36 నిమిషాలు

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బాస్కెట్‌బాల్ మ్యాచ్ 40 నిమిషాలు. కోర్టులో జట్టుకు ఐదుగురు చొప్పున పది మంది ఉంటారు, అందరికీ కలిపి బంతి ఒక్కటే. మ్యాచ్ మొత్తం ఆడినా ఒక్కొక్కరి చేతికి బంతి దక్కేది సగటున 4 నిమిషాల లోపే. మిగతా 36 నిమిషాల పని వేరు: బంతి పోగానే వెనక్కి పరుగెత్తి తమ రింగును కాచుకోవడం, రింగులో పడక వెనక్కి వచ్చే బంతి (రీబౌండ్) కోసం ప్రత్యర్థిని వీపుతో నిలవరించడం, తోటి ఆటగాడికి దారి ఇవ్వడానికి ప్రత్యర్థికి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెట్టడం, పక్కవాళ్లను దాటి దూసుకొచ్చిన ప్రత్యర్థికి అడ్డుపడటం. ఇవేవీ స్కోరు పట్టీకి ఎక్కవు, చప్పట్లు తెచ్చేవీ కావు. కష్టపడే తత్వం, యాటిట్యూడ్ అని కోచ్‌లు చెప్పేది ముఖ్యంగా ఈ పని గురించే. కోచ్ రోజూ దేన్ని గమనిస్తే, దేన్ని లెక్కలోకి తీసుకుంటే పిల్లలు దానికే విలువ ఇవ్వడం నేర్చుకుంటారు.

కష్టపడే తత్వాన్ని నేర్పే విద్యలో ఇప్పటికీ మొదట వినిపించే పేరు అమెరికాకు చెందిన జాన్ వుడెన్‌ది (1910–2010). ఆయన శిక్షణలో యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ జట్టు 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో 10 సార్లు కళాశాలల జాతీయ టైటిల్ గెలిచింది. 1948లో ఆ జట్టుకు కోచ్‌గా వచ్చిన వుడెన్‌కు మొదటి టైటిల్ దక్కింది మాత్రం 16వ సీజన్‌లో. యూసీఎల్ఏకు రాక ముందు కొన్నేళ్లు ఆయన ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ మాస్టారు. పిల్లలకు గ్రేడు తగ్గిందని తల్లిదండ్రులు నొచ్చుకోవడం చూసి, 1930ల్లోనే విజయానికి తనదైన నిర్వచనం రాసుకున్నారు: చేయగలిగినదంతా చేశామన్న మనశ్శాంతే విజయం. దాన్ని విస్తరించి ఆయన గీసిన ‘పిరమిడ్ ఆఫ్ సక్సెస్’లో అడుగు వరుస రెండు మూలల్లో శ్రమ, ఉత్సాహం ఉంటాయి.

ఈ సూత్రాలు ఆయన ప్రాక్టీసులో చిన్న చిన్న పనులుగా కనిపించేవి. సీజన్‌లో మొదటి పాఠం సాక్సులు, బూట్లు సరిగ్గా తొడుక్కోవడం. సాక్సు ముడతపడితే పాదం బొబ్బలెక్కుతుంది, ప్రాక్టీసు పోతుంది. ఏ కసరత్తుకు ఎన్ని నిమిషాలో ముందే చిన్న కార్డు మీద రాసుకుని, దాని ప్రకారమే నడిపేవారు. బంతిని రింగులో వేసినవారు, పాస్ ఇచ్చినవారి వైపు చూసి తలూపాలన్నది ఇంకో నియమం. గడ్డం ఉండకూడదన్న నియమం నుంచి, గడ్డంతో వచ్చిన స్టార్ ఆటగాడు బిల్ వాల్టన్‌కు కూడా మినహాయింపు ఇవ్వలేదు. గడ్డం తీయకపోతే జట్టులో చోటు ఉండదని తేలడంతో వాల్టన్ గీసుకుని వచ్చాడు.

1974–75 సీజన్‌లో రోలండ్ థార్ప్, రొనాల్డ్ గాలిమోర్ అనే మనస్తత్వ పరిశోధకులు ఆ ప్రాక్టీసులను దగ్గరుండి చూసి, వుడెన్ బోధనలో 2,326 సందర్భాలను నమోదు చేశారు. వాటిలో నాలుగింట మూడు వంతుల దాకా ఏం చేయాలో, ఎలా చేయాలో చెప్పినవే. ఒట్టి మెచ్చుకోలు, ఒట్టి మందలింపు ఒక్కొక్కటీ 7 శాతం లోపే. తప్పు జరిగితే సరైన తీరు చేసి చూపేవారు, వెంటనే ఆటగాడు చేసిన తీరు, మళ్లీ సరైన తీరు. అదంతా కొన్ని సెకన్లలో అయిపోయేది. ‘సరిగ్గా ఆడు’ అని అరిస్తే పిల్లలకు తెలిసేదేమీ లేదు. ‘మోకాళ్లు వంచు, బంతి వచ్చేవైపు అడుగు వెయ్యి’ అంటే చేయాల్సిన పని తెలుస్తుంది.

మెచ్చుకునే తీరు కూడా ముఖ్యమే. క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని పొగడగా విన్న ఐదో తరగతి పిల్లలు కష్టమైన ప్రశ్నల దగ్గర తప్పగానే నీరుగారిపోయారు. కష్టాన్ని మెచ్చుకోగా విన్నవారు పట్టు వదల్లేదు. కోర్టులో ఈ ప్రమాదం పొడగరి పిల్లలకు ఎక్కువ. పన్నెండేళ్లకు ఎత్తుతోనే నెగ్గుకొచ్చి ‘పుట్టు ఆటగాడు’ అనిపించుకున్నవారిని, తర్వాత నాలుగైదేళ్లలో మిగతావారు ఎత్తులో అందుకుంటారు. అప్పుడు అక్కరకొచ్చేది నేర్చిన ఆటే. అందుకే కొందరు కోచ్‌లు పాయింట్లతో పాటు ‘హజిల్ చార్ట్’ నడుపుతారు. వదులైన బంతి కోసం దూకడం, ప్రత్యర్థి పాస్‌కు చెయ్యి తగిలించడం వంటివి అందులో రాసి, మ్యాచ్ అయ్యాక అందరి ముందూ చదువుతారు.

కష్టానికి ఫలితం కనిపించకపోతే పిల్లలు నిలవరు. పెద్దల రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో దాన్ని 2.60 మీటర్లకు దించి, చిన్నదైన 5వ నంబరు బంతి ఇస్తారు. పెద్ద బంతిని శక్తికి మించి విసిరితే షాట్ వేసే తీరు చెడుతుంది, ఎంత ప్రయత్నించినా రాదన్న నిరాశ మిగులుతుంది.

తప్పు చేసినందుకు కోర్టు చుట్టూ పరుగులు పెట్టించే అలవాటు చాలా చోట్ల ఉంది. పరుగే ప్రాణమైన ఆటలో పరుగును శిక్షగా మారిస్తే పిల్లలు దాన్ని ద్వేషించడం నేర్చుకుంటారు. వుడెన్ దృష్టిలో ప్రాక్టీసు దొరకడమే ఒక అవకాశం. శ్రద్ధ పెట్టనివారిని ఆ రోజుకు పంపేయడమే ఆయన వేసే శిక్ష.

కోచ్ ప్రవర్తన మారితే ఏం జరుగుతుందో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పిల్లల బేస్‌బాల్‌లో చూశారు. 1992లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మామూలు కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మరుసటి ఏడు ఆట మానేశారు. ప్రోత్సహిస్తూ, తప్పును నేర్పుతూ దిద్దే పద్ధతిలో శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర మానేసినవారు 5 శాతమే.

ఇంటి పాత్ర కూడా తక్కువ కాదు. ఇంటికి రాగానే ‘ఎన్ని పాయింట్లు కొట్టావు?’ అని అడిగితే, కోర్టులో మెప్పు పొందిన స్క్రీన్‌కూ డిఫెన్స్‌కూ ఇంట్లో విలువ లేనట్టే. సీజన్ మొదట్లోనే తల్లిదండ్రులను పిలిచి, తాము వేటిని గమనిస్తామో చెప్పి, అవే ప్రశ్నలు ఇంట్లోనూ అడగమని కోరే కోచ్‌లకు కష్టపడే తత్వం నేర్పే పని సగం తేలికవుతుంది.