క్రాష్ గార్డ్: బండికి కాపలా కాసే ఇనుప గొట్టం కథ

జెద్దాలో మొదటి మోటారుసైకిల్ కొన్న తెలుగువాడు, ఊళ్లో ఏళ్ల తరబడి బండి నడిపినవాడైనా, ఇక్కడ కొంత కొత్తవాడే. వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఊళ్లో కుడికి తీసుకునే యూటర్న్ ఇక్కడ ఎడమకు తీసుకోవాలి. 2018 జూన్‌లో మహిళల డ్రైవింగ్‌పై నిషేధం తొలగాక ఆడవాళ్లకూ మోటారుసైకిల్ నడిపే వీలు కలిగింది. కొత్తగా నేర్చుకునే వాళ్లందరినీ పట్టుకునే భయం ఒకటే: బండి చేతిలోంచి జారి పక్కకు ఒరిగిపోతుందేమోనని. ఆ భయానికి విరుగుడుగా వచ్చిందే క్రాష్ గార్డ్.

ముందు బండి ఎందుకు పడుతుందో చూద్దాం. వేగంగా వెళ్లే బండి ఒక పక్కకు వాలగానే ముందు చక్రం అటే తిరుగుతుంది. దాంతో చక్రాలు మళ్లీ బరువు కిందికి వచ్చేస్తాయి. నడక వేగానికి దిగితే ఈ సాయం దాదాపు ఉండదు. ఆ వేగంలో హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టినా చాలు, బండి ఒరిగిపోతుంది.

ఒరిగే బండి ఎంత బరువవుతుందో లెక్క కట్టవచ్చు. 150 కిలోల బండి గరిమనాభి నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. అది 5 డిగ్రీలు వాలితే, మీటరు ఎత్తున ఉన్న హ్యాండిల్ దగ్గర ఆపడానికి సుమారు 7 కిలోల బలం చాలు. 20 డిగ్రీలకు 28 కిలోలు కావాలి, 30 డిగ్రీలకు 41 కిలోలు. అందుకే మొదటి క్షణంలో ఆపలేని బండిని ఆ తర్వాత ఆపడం కష్టం. పట్టు తప్పాక పక్కకు తప్పుకోవడమే క్షేమం. కాలు అడ్డుపెడితే ఎముక విరగవచ్చు.

1923లో మాక్స్ ఫ్రిజ్ రూపకల్పనతో బీఎండబ్ల్యూ తన మొదటి మోటారుసైకిల్ ఆర్32ను తెచ్చింది. దాని రెండు సిలిండర్లు చెరో పక్కకు పొడుచుకొచ్చి ఉంటాయి. గాలి బాగా తగిలి ఇంజన్ చల్లబడుతుంది, కానీ బండి పడితే ముందుగా నేలను తాకేవీ అవే. ఈ తరహా ఇంజన్లకు సిలిండర్ల చుట్టూ వంచిన గొట్టం అవసరమైంది. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ పోలీసు బళ్ల మీద కూడా ఇలాంటి కమ్మీలు మామూలయ్యాయి. మనదేశంలో 1955 నుంచి మద్రాసులో తయారైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీద మెరిసే క్రోమ్ లెగ్ గార్డ్ ఎందరికో పరిచయమే. నేటికీ మన ఊళ్లలో కొత్త బండికి షోరూంలోనే దాన్ని బిగించి ఇస్తుంటారు.

కాళ్లను కూడా ఇదే కాపాడుతుందని చాలామంది నమ్మారు. ఆ నమ్మకాన్ని 1981లో వెలువడిన హర్ట్ నివేదిక సరిచేసింది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 ప్రమాదాలను అక్కడికక్కడే పరిశీలించింది. క్రాష్ గార్డ్ వల్ల పాదానికీ చీలమండకూ దెబ్బలు తగ్గిన మేరకు మోకాలికీ తొడకూ పెరుగుతున్నాయని, మొత్తం మీద ఒరిగేదేమీ లేదని తేల్చింది. ప్రమాదంలో చిక్కినవారిలో సగానికి పైగా ఆ బండి మీద 5 నెలల అనుభవం కూడా లేనివాళ్లే. గార్డ్ కాపాడేది బండిని. కాళ్లను కాపాడేవి చీలమండ దాటిన బూట్లు, మోకాలి కవచాలు.

పందెం బళ్లకు గొట్టాలు కుదరవు గనుక ఫ్రేమ్ స్లైడర్ వచ్చింది. డ్యూపాంట్ సంస్థ 1960లో అమ్మకానికి తెచ్చిన డెల్రిన్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తో చేసిన దిమ్మె ఇది. రోడ్డును పట్టుకోకుండా జారుతూ తానే అరిగిపోతుంది. అయితే ఒకే బోల్టు మీద నిలిచే స్లైడర్‌కు గట్టి దెబ్బ తగిలితే ఆ బలమంతా ఇంజన్ బిగింపు మీద పడి, అదే విరిగే ప్రమాదం ఉంది.

జెద్దాలో గార్డ్ ఎంచుకునేటప్పుడు ఎర్ర సముద్రపు ఉప్పుగాలిని గుర్తుంచుకోవాలి. నాసిరకం క్రోమ్ పూత వెల్డింగు దగ్గర త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, లేదా మంచి పౌడర్ కోటింగ్ మేలు. ఎండాకాలంలో తారు మెత్తబడి సైడ్ స్టాండ్ దిగబడితే నిలిపిన బండే పడిపోతుంది. స్టాండ్ కింద వెడల్పాటి పలక పెట్టండి. రోడ్డు మీద పేరుకున్న ఇసుక చూస్తే ముందు బ్రేకు సున్నితంగా వాడండి.

క్లచ్, బ్రేకు లివర్ల బిగింపును, మామూలుగా నొక్కినప్పుడు కదలనంత గట్టిగా, పడినప్పుడు తిరిగేంత వదులుగా ఉంచితే లివర్ విరగకుండా తప్పించుకునే అవకాశం ఎక్కువ. బండి పడితే ముందు ఇంజన్ ఆపండి. కుడివైపు పడి ఉంటే లేపకముందే సైడ్ స్టాండ్ దించి, గేరు వేయండి. సీటుకు వీపు ఆనించి, నడుము వంచకుండా కాళ్ల బలంతో లేపండి.

కొత్త బండి కొనేటప్పుడు గార్డ్‌తో పాటు బూట్లకూ డబ్బు పక్కన పెట్టుకోండి. రెండింటికీ చాలకపోతే ముందు బూట్లు కొనండి. గార్డ్ వచ్చే నెల బిగించుకోవచ్చు.