వెండితెరపై అరాచకము

‘అరాచకము’ అను మాటను మనము నిత్యము వాడుచుందుము. వీధిలో అల్లరి చెలరేగినను అరాచకమే, కచేరీలో కాగితము కదలకున్నను అరాచకమే. సంస్కృతమందలి ‘అరాజకము’ తెలుగువారి నోట ఈ రూపము దాల్చినది. రాజు లేకుండుట అని దాని మూలార్థము. దశరథుడు మరణించిన పిమ్మట, రాముడు అడవిలోను, భరతుడు మేనమామ యింటను ఉన్న వేళ, రాజులేని దేశమునకు వాటిల్లు కీడులను పెద్దలు వసిష్ఠునకు విన్నవించిన ఘట్టము అయోధ్యాకాండమున కలదు. పెద్ద చేప చిన్న చేపను మ్రింగు ఆ స్థితికి మన పూర్వులు మాత్స్యన్యాయమని పేరిడిరి. చలనచిత్రములు ఈ పాత ప్రశ్ననే క్రొత్త వేషమున మన ముందుంచుచున్నవి.

తెలుగున ఇట్టి చిత్రములను మూడు తెరగులుగా చూడవచ్చును.

కాపలాదారే దొంగయైన కథ మొదటిది. కె.వి.రెడ్డి దర్శకత్వమున 1954లో వచ్చిన ‘పెద్దమనుషులు’ ఇందులకు ఉదాహరణము. ఇబ్సన్ నాటకమొకటి దీనికి ప్రేరణ. ఇందలి పురపాలక సంఘాధ్యక్షుడు పైకి ధర్మమూర్తి, లోన స్వార్థపరుడు. ఊరిలో కత్తులు దూయబడవు, ఇండ్లు తగులబడవు. అయినను చెదపట్టిన దూలమువలె కట్టుబాటు లోలోపల గుల్లయగుచుండును.

కట్టుబాటే అన్యాయమైన కథ రెండవది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1979లో నిర్మింపబడిన ‘మా భూమి’ నిజాము పాలననాటి తెలంగాణ పల్లెను చూపును. అచట చట్టమును, శాంతియును లేకపోలేదు. కాని ఆ శాంతి దొరగడీకి కావలి. వెట్టిచాకిరి చేయు రైతుకూలీలు తిరుగబడినపుడు దొర దానిని అరాచకమనును, కూలీ న్యాయమనును. ఎవరి శాంతి చెడినదని ఆ చిత్రము మనలను అడుగుచున్నది.

భయమే పాలించు కథ మూడవది. 1989లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘శివ’లో దుండగుల నాయకుడొకడు రాజకీయముల అండతో పట్టణమును గుప్పిట పట్టుకొనును. కళాశాల ఎన్నికలు సైతము వాని కనుసన్నలలోనే జరుగవలెను. అందు కథానాయకుడు సైకిలు గొలుసును త్రెంపి ఎదురుతిరిగిన దృశ్యము నాటి యువకుల మనస్సులలో నాటుకొన్నది. అయితే ఆ పోరు వలన అతని ఇంటికే తీరని నష్టము వాటిల్లునని కూడ ఆ చిత్రము చూపినది. గొలుసును తలచుకొన్నంతగా ఈ విషయమును మనము తలచుకొనము.

ఇచట ఒక చిక్కు కలదు. దుష్టుడు నేలకొరగగానే మనము చప్పట్లు చరతుము. కాని నేరము విచారించినదెవరు? తీర్పు చెప్పినదెవరు? జర్మనీ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ అను చిత్రమున పసిపిల్లలను చంపు హంతకుని పోలీసులకంటె ముందుగా దొంగలే పట్టుకొని తామే న్యాయస్థానము నడుపుదురు. హంతకునిపై మనకు జాలి లేకున్నను, ఆ న్యాయాధిపతులను చూచినపుడు వెన్ను జలదరించును.

హైదరాబాదు తూర్పున, విజయవాడ మార్గమున నున్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల వారికి ఈ ప్రశ్న కేవలము తెరమీదిది కాదు. జిల్లాలనుండి చదువులకై వచ్చిన యువకులు, బస్సులకై వేచిన ప్రయాణికులు, చిరువ్యాపారులతో కిక్కిరిసియుండు దిల్‌సుఖ్‌నగర్‌లో, 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము కోణార్క్, వెంకటాద్రి చిత్రశాలల చేరువలో కొద్ది నిమిషముల వ్యవధిలో రెండు బాంబులు ప్రేలినవి. 18 మంది మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. చిత్రమున ప్రేలుడు ఒక్క క్షణము. మరుక్షణమున కథ నాయకుని వెంట సాగిపోవును. వీధిలో అట్లు కాదు. గాయపడినవారిని వైద్యాలయములకు చేర్చవలెను, ఇంటికి రానివారికై వెదకవలెను, మరునాడు మరల అంగడి తెరువవలెను.

న్యాయము నడకయు వేరు. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానము ఐదుగురిని దోషులుగా నిర్ణయించి మరణశిక్ష విధించినది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము ఆ తీర్పును స్థిరపరచినది. చిత్రమున రెండున్నర గంటలలో ముగియు పని ఇచట పండ్రెండేండ్లు సాగినది. ఆప్తులను కోల్పోయినవారికి ఈ జాగు దుర్భరము, వారి ఆవేదనను కాదనుటకు ఎవరికిని హక్కు లేదు. అయినను సాక్ష్యము చెప్పువానికి, నిందితుని పక్షమున వాదించువానికి, పైకోర్టుకు చోటుండుటయే చట్టమునకును, ‘ఎమ్’లోని దొంగల సభకును గల భేదము.

కనుక అరాచకమును చూపు చిత్రములను చూడరాదని మేము చెప్పము. ‘పెద్దమనుషులు’ వంటి చిత్రము పత్రికలు పలుకలేని మాట పలుకగలదు. చూచునపుడు రెండు ప్రశ్నలు వేసికొనిన చాలును: చెడకముందు ఆ కట్టుబాటు ఎవరికి మేలు చేసినది? నాయకుడు వెడలిపోయిన పిమ్మట ఆ వీధిని కాపాడునది ఎవరు? పిల్లలతో ఇట్టి చిత్రము చూచి వచ్చిన రాత్రి, భోజనముల వేళ ఈ రెండింటిని గూర్చి ముచ్చటించుకొనవచ్చును. మన పిల్లల సమాధానములు మనకంటె సూటిగా నుండుటయు కలదు.