తుమ్మెద మోగిస్తే వంకాయ

ఒరే బుజ్జీ, ఆ చీపురు కింద పెట్టు. తుమ్మెద నిన్ను కుట్టడానికి రాలేదు, మన వంకాయల పని మీద వచ్చింది. ఇలా వచ్చి కూర్చుని చూడు.

వంగపువ్వు నడుమ పచ్చగా, ఒకదానికొకటి ఆనుకుని అయిదు గొట్టాలున్నాయా? పుప్పొడంతా వాటి లోపలే. ఒక్కో గొట్టం కొసన సన్నటి కన్నాలు, అంతే. పౌడరు డబ్బా అనుకో, కదిపితే గాని రాలదు. గాలి ఊపుకి కాస్తో కూస్తో రాలి కాయలు పడతాయనుకో, కాని తుమ్మెద వచ్చిన పువ్వుల లెక్కే వేరు.

అదుగో, పువ్వు కింద వేలాడుతూ గొట్టాలన్నిటినీ కాళ్ళతో వాటేసుకుంది. ఇప్పుడు రెక్కలాడించదు. ఎగరడానికి వాడే కండరాలనే, రెక్కలు కదలకుండా, సెకనుకి కొన్ని వందల సార్లు అదిరిస్తుంది. ఝుమ్మనే మోత ఉన్నట్టుండి సన్నబడి జ్జీమంది, విన్నావా? ఆ అదురుకే పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. తేనెటీగకి ఈ విద్య రాదు. పైగా వంగపువ్వులో తేనె బొట్టు కూడా ఉండదు, దొరికేదల్లా పుప్పొడే. మన కవులేమో తుమ్మెదని తామరకి కట్టబెట్టి ఊరుకున్నారు. వంగమడిలో దాని చాకిరీ ఎవరికి పట్టింది?

కంచె దగ్గర తంగేడుదీ ఇదే పద్ధతి, ఇంకాస్త గడుసుది. దాని కేసరాలన్నీ ఒక్కలా ఉండవు. మధ్యలో పొట్టివి తుమ్మెదకి మేత. అది వాటిని అదిరిస్తుంటే, కింద పొడుగ్గా ఉన్నవి తమ పుప్పొడిని దాని ఒంటి మీద చల్లేస్తాయి. పక్క పువ్వుకి చేరేది ఎక్కువగా ఆ పుప్పొడే.

పందిరి కర్రలకి తుమ్మెద బెజ్జాలు పెడుతోందని మీ నాయనమ్మ గోల. నిజమే, పెడుతుంది. చెక్క తినడానికి కాదు, పిల్లల కోసం. పుప్పొడీ తేనే కలిపిన ముద్ద, దాని మీద ఒక గుడ్డు, పైన చెక్కపొట్టుతో అడ్డుగోడ. మళ్ళీ ముద్ద, గుడ్డు, గోడ. ప్రహరీ పక్కన ఎండు కర్ర మొద్దొకటి పడేస్తే సరి, నాయనమ్మా తుమ్మెదా, ఇద్దరాడవాళ్ళ పేచీ తీరొచ్చు.

చిక్కుడు కొసలకి పేనుబంక పట్టిందని మందు కొట్టకు, తుమ్మెదలాగే మనకి సాయపడే అక్షింతల పురుగు అప్పుడే దిగింది. దాని పిల్ల తల్లిలా గుండ్రంగా ఉండదు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో పాకుతుంది. పేనుబంకని ఆబగా తినే ఆ పిల్లనే జనం ఏదో చీడ అనుకుని నలిపేస్తారు. వంగాకు మీద మాత్రం నిగనిగలు లేకుండా, 28 చుక్కలతో దాని చుట్టమొకటి తిరుగుతుంది. ఈనెలు వదిలి పచ్చదనమంతా గీకి తినేస్తుంది. దాన్ని ఏరి సబ్బునీళ్ళలో వెయ్యి, మొహమాటపడకు.