రాక్షసబల్లి మళ్లీ పుడుతుందా?

మొన్న హాస్టల్ టీవీలో 'జురాసిక్ పార్క్' చూసిన రాత్రి చిన్న తరగతుల పిల్లలు భయంతో పడుకోలేదు. "అక్కా, డైనోసార్లను నిజంగా మళ్లీ పుట్టిస్తరా?" అని అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

1993 నాటి ఆ సినిమాలో చెట్టు బంకలో చిక్కిన దోమ కడుపులోంచి డైనోసార్ డి.ఎన్.ఏ. తీస్తారు. తక్కువైన చోట కప్పది అతికిస్తారు. డి.ఎన్.ఏ. అంటే ప్రాణి ఎట్లా తయారు కావాలో రాసి ఉన్న చీటీ లాంటిది.

మన తెలంగాణలోనూ డైనోసార్ దొరికింది! 1970ల చివర ప్రాణహిత–గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర 840 ఎముకలు, ముక్కలు దొరికాయి. 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త దానికి కోటసారస్ అని పేరు పెట్టారు. అది 'కోట' అనే రాతిపొర పేరే! ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.

మరి ఆ ఎముకల నుంచి పుట్టించలేరా? లేరు. అవి రాయిగా మారాయి. ప్రాణి చచ్చాక డి.ఎన్.ఏ. ముక్కలు ముక్కలవుతుంది. గ్రీన్‌లాండ్ గడ్డకట్టిన నేలలో 20 లక్షల ఏండ్ల నాటి ముక్కలు దొరికాయని 2022లో చెప్పారు. డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏండ్లు! 1996లో డాలీ గొర్రెను క్లోనింగ్ చేసింది మంచిగున్న కణంతో. మోయడానికి తల్లి గొర్రె కూడా ఉంది.

మా అవ్వ కుండలో దాచిన కొర్ర విత్తనానికి పురుగు పట్టింది. విత్తితే ఒక్కటీ మొలవలేదు. మా తండాలో ఆ విత్తనం మళ్లీ లేదు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్నే కాపాడుకోవాలి.

చెల్లెళ్లూ, ఇక భయం లేకుండా పడుకోండి!

– 9వ తరగతి విద్యార్థిని