ఒకే పేరు, వేర్వేరు మనుషులు: దీవుల్లోని తెలుగువారికి ఇంటిపేరు ఎందుకు ముఖ్యం?

దక్షిణ అండమాన్‌లో శ్రీ విజయపురానికి (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రామం సిప్పీఘాట్. 2004 డిసెంబరు 26న సంభవించిన భూకంపం, సునామీల వల్ల ఇక్కడి నేల కుంగింది. పంటపొలాల్లోకి చేరిన సముద్రపు నీరు చాలాచోట్ల తిరిగి వెళ్లలేదు. ఇటువంటి నష్టం జరిగినప్పుడు సాయం ఎవరికి అందాలన్నది పత్రాల్లోని పేరును బట్టి తేలుతుంది. అదే పేరు ఊళ్లో మరొకరికీ ఉంటే అసలు హక్కుదారు ఎవరో ఎలా గుర్తించాలి?

దీవుల్లోని తెలుగువారికి ఈ ప్రశ్న చాలా దగ్గరిది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581 కాగా, అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అధికుల మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. అక్కడ పిల్లలకు ఇలవేల్పు పేరో, తాత, నాయనమ్మల పేర్లో పెట్టడం ఆచారం. సింహాచలం అప్పన్న పేరిట అప్పారావు, అప్పలస్వామి, అప్పలమ్మ. విజయనగరం పైడితల్లి పేరిట పైడిరాజు, పైడయ్య. అనకాపల్లి నూకాలమ్మ పేరిట నూకరాజు. శ్రీకూర్మం స్వామి పేరిట కూర్మారావు ఇంటింటా వినిపిస్తారు.

సొంత ఊళ్లో దీనివల్ల పెద్దగా చిక్కు రాదు. ఇంటిపేరో, వీధి పేరో, వృత్తో, తండ్రి పేరో ముందు చేర్చి పిలుస్తారు. సాహిత్య చరిత్రలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. 13వ శతాబ్దపు నెల్లూరులో వరుసకు సోదరులైన ఇద్దరు తిక్కనలు ఉండేవారు. భారతాన్ని తెనిగించినవాడు తిక్కన సోమయాజి కాగా, యుద్ధవీరుడు ఖడ్గతిక్కనగా ప్రసిద్ధి పొందాడు.

సముద్రం దాటి వచ్చినవారికి ఆ ఊరి జ్ఞాపకం తోడుగా రాదు. దరఖాస్తులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది, లేదా పూర్తిగా జారిపోతుంది. పేరులోని చివరి భాగాన్నే ఇంటిపేరుగా భావించే పత్రాల్లో అప్పారావు, కూర్మారావు ఇద్దరూ ‘రావు’లే అవుతారు.

ఈ దీవుల్లో మనిషిని పేరుతో కాక సంఖ్యతో గుర్తించిన కాలమూ ఉంది. బ్రిటిష్ పాలనలో ఇక్కడికి పంపిన ఖైదీల మెడలో వారి సంఖ్య, శిక్ష వివరాలు చెక్కిన కొయ్యబిళ్ల వేలాడేది. నేటి గుర్తింపు సంఖ్యల ఉద్దేశం వేరు; అవి పౌరుని హక్కును కాపాడేందుకు ఉద్దేశించినవి. ఆధార్‌లో 12 అంకెలు, ఓటరు గుర్తింపు కార్డులో అక్షరాలు, అంకెలు కలిసిన 10 స్థానాల సంఖ్య ఉంటాయి. అయినా పేరు, బంధువు పేరు, వయస్సు కలిసిన రెండు నమోదులను ఒకే వ్యక్తివిగా అనుమానించే అవకాశం ఉంది. అందుకే ఓటరు జాబితాలో తండ్రి లేదా భర్త పేరు, ఇంటి సంఖ్య, వయస్సు, ఫొటో కూడా పొందుపరుస్తారు.

2025 అక్టోబరు 27న ఎన్నికల సంఘం ప్రకటించిన ప్రత్యేక సమగ్ర సవరణలో అండమాన్ నికోబార్ కూడా ఉంది. పాత జాబితాలో తమ పేరును గానీ, తల్లిదండ్రుల పేర్లను గానీ చూపవలసిన ఈ ప్రక్రియలో పేరు రాసిన తీరుకు ప్రాధాన్యం పెరిగింది.

పేరొక్కటే చాలదని ఎన్నికల నిబంధనలూ అంగీకరిస్తాయి. ఇద్దరు అభ్యర్థులకు ఒకే పేరు ఉంటే వృత్తి, నివాసం లేదా మరో వివరం చేర్చి వేరుగా చూపాలని 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి. 2015 మే నుంచి బ్యాలెట్‌పై అభ్యర్థుల ఫొటోలు కూడా ముద్రిస్తున్నారు.

పౌరులు పాటించవలసిన జాగ్రత్త చిన్నదే. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టక పూర్తిగా రాయాలి. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, భూమి పత్రాల్లో పేరూ, తండ్రి పేరూ ఒకే విధంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. ఓటరు జాబితాలో తప్పుంటే ఫారం 8 ద్వారా సవరణ కోరవచ్చు. తాత పేరు మనవడికి పెట్టుకునే ఆచారం విడువనక్కరలేదు. దానికి ముందున్న ఇంటిపేరును కాగితంపై నిలుపుకుంటే చాలు.