కట్టేస్తే సరా... కుదరొద్దూ!

వెబ్‌సైట్ తయారుచేయడం వేరు. డిజైన్ చేయడం వేరు. ఆ తేడా తెలియాలంటే బైరెడ్డిపల్లె దాకా వెళ్లొద్దాం రండి!

ఆదివారం పిల్లల్ని తీసుకుని కైగల్ జలపాతానికి వెళ్దామనుకుంది బెంగళూరులోని ఓ కుటుంబం. చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో, పలమనేరు-కుప్పం రహదారికి కాస్త లోపలగా ఉంటుందీ జలపాతం. దాని గురించి ఇద్దరు కుర్రాళ్లు చెరో వెబ్‌సైట్ పెట్టారనుకుందాం.

మొదటిది తెరవగానే సంగీతం మొదలవుతుంది. 'స్వాగతం' అనే అక్షరాలు రంగులు మారుస్తూ అటూ ఇటూ పరుగెడతాయి. నలభై ఫొటోలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. రెండోదాంట్లో ఫొటో ఒక్కటే. దాని కిందే... ఎలా రావాలి, ఇప్పుడు నీళ్లెలా ఉన్నాయి, తిరుగు బస్సు ఎప్పుడు, ఎక్కడ నీళ్లలోకి దిగకూడదు అన్న నాలుగు విషయాలు.

రెండూ తప్పుల్లేకుండా పనిచేస్తాయి. ఏ బటన్ నొక్కినా తెరుచుకుంటాయి. కాకపోతే 'వానాకాలంలో ఉద్ధృతి ఎక్కువ, రాళ్లు జారతాయి, పిల్లలు జాగ్రత్త' అన్న మాట మొదటి సైట్‌లో ఆరో పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడిదాకా ఎవరు చదువుతారు? రెండోదాంట్లో ఫొటో కిందే ఉంది.

మొదటిది తయారుచేసిన సైట్. రెండోది డిజైన్ చేసిన సైట్!

ఇల్లు నిలబడింది... కానీ!

ఇల్లు కట్టించినవాళ్లకి ఈ తేడా తెలుసు. గోడ పగల్లేదు, కప్పు కారట్లేదు. మేస్త్రీ పనిలో వంక పెట్టలేం. కానీ వంటింట్లోకి పోవాలంటే పడగ్గది దాటాలి. స్విచ్చేమో తలుపు వెనక! రోజూ తిరిగేది ఎవరు, ఎటునుంచి ఎటు నడుస్తారు అని ఎవరూ ముందుగా ఆలోచించలేదు.

సైట్ సంగతీ అంతే. హెచ్‌టీఎంఎల్‌తో పేజీ నిలబెట్టడం, డేటాబేస్ కలపడం, ఫారం నింపితే వివరాలు చేరాల్సిన చోటికి చేరేలా చూడటం... ఇవన్నీ కట్టుబడి పనులు. చాలా ముఖ్యమైనవే. వచ్చేదెవరు, ఏ పని మీద వస్తారు, ఏం ముందు కనిపించాలి, ఏం తీసేయాలి అని తేల్చడం డిజైన్. రంగులద్దడం అందులో చివరి అంకం మాత్రమే.

ఒత్తు తెగితే?

తెలుగు విషయంలో ఈ ఆలోచన ఇంకాస్త ఎక్కువ కావాలి. ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు ఒకే గీత మీద నిలబడతాయి. మనవి పైకి గుడులు కట్టుకుంటాయి, కిందికి ఒత్తులు దించుకుంటాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలకు రెండేసి ఒత్తులు. ఇంగ్లిషుకు సరిపోయే వరుసల ఎడమే తెలుగుకూ ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని గుద్దుకుంటాయి. ఒక్కోసారి బటన్ మీది మాట సగానికి తెగిపోతుంది. ప్రోగ్రాములో మాత్రం ఏ తప్పూ కనిపించదు!

ఎండ మరో పరీక్ష. ఏసీ గదిలో అందంగా కనిపించిన లేతబూడిద అక్షరాలు పొలం గట్టున ఫోన్‌లో మాయమవుతాయి. అందుకే మామూలు సైజు అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలని 2008లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలు చెప్పాయి.

కుప్పం నేర్పిన పాఠం

బైరెడ్డిపల్లె నుంచి వి.కోట మీదుగా ముందుకెళ్తే కుప్పం. హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ 2002లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' ప్రాజెక్టు చేపట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు వెలిశాయి. అందులో అందరినీ ఆకట్టుకున్నది మాత్రం వెబ్‌సైట్ కాదు... స్వయంసహాయక సంఘాల మహిళల చేతికిచ్చిన ఫొటో స్టూడియో! డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, వాటిని నడిపేందుకు సౌరవిద్యుత్. పెళ్లైనా, గుర్తింపు కార్డు ఫొటో అయినా ఊళ్లోనే తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టేవారు.

కెమెరా, ప్రింటర్ కొత్తవేం కావు. పల్లెలో కరెంటు ఎప్పుడుంటుందో, ఫొటో కోసం జనం ఎంత దూరం పోవాల్సి వస్తుందో గమనించి ఆ రెంటినీ కలపడమే కొత్త. డిజైనంటే అదే. అది తెర మీద కాదు, జనం మధ్య మొదలవుతుంది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన 'మన మిత్ర' వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది. తొలి విడతలో 161 సేవల్ని జనం అప్పటికే రోజూ వాడుతున్న వాట్సాప్‌లోకి తెచ్చింది. కొత్త చిరునామా గుర్తుపెట్టుకునే పని లేదు.

మీ పిల్లలు నేర్చుకుంటున్నారా?

వేసవి సెలవుల్లో మీవాడు వెబ్‌సైట్ తయారుచేసి చూపిస్తే మెచ్చుకోండి. తర్వాత ఈ చిన్న పరీక్షలు పెట్టండి.

* సైట్‌ను అమ్మమ్మ చేతికివ్వండి. పక్కన కూర్చోండి, ఒక్క మాటా చెప్పొద్దు. ఆవిడ ఎక్కడ ఆగితే లోపం అక్కడుంది. ఆవిడలో కాదు!

* ఫోన్ పట్టుకుని ఎండలో నిలబడి చదవండి.

* సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట తెరవండి. పెద్ద ఫొటోల బరువు తెలిసిపోతుంది.

* అన్నిటికన్నా ముఖ్యమైన మాట వేలితో జరపకుండానే కనిపిస్తోందా చూడండి.

* ఫారం తప్పుగా నింపండి. 'తప్పు' అని ఊరుకుంటే చాలదు, ఎక్కడ తప్పో, ఎలా దిద్దుకోవాలో చెప్పాలి.

దరఖాస్తు తిరిగొస్తే కూలి మనిషికి ఓ పూట పని పోతుంది. హెచ్చరిక కనిపించకపోతే ఆదివారం విహారం విషాదమవుతుంది. అందుకే, 'పనిచేస్తోందా?' అన్నది సగం ప్రశ్నే. 'ఎవరికి పనికొస్తోంది?' అన్నది మిగతా సగం. ఈ రెండోది అడిగిన కుర్రాడి సైట్ చూసి బయల్దేరిన కుటుంబం, కైగల్ దగ్గర పిల్లల చేయి గట్టిగా పట్టుకునే నడుస్తుంది.